లేత్ మీద ఇత్తడి బిళ్ళ

పోయిన ఆదివారం మా ఇంటికి ఒక పెద్దమనిషి వచ్చారు. రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, మా గల్లీ చివర ఉంటారు. మా హాల్లో లేత్ మిషన్ ఉందని ఎవరో చెబితే నమ్మక, కళ్ళారా చూద్దామని వచ్చారు. ఇచ్చిన చాయ్ చల్లారిపోయేదాకా దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. నేను మార్చిన చేతిచక్రం తిప్పి చూశారు, టూల్ పట్టే దిమ్మెను గోటితో కొట్టి చప్పుడు విన్నారు, నూనె డబ్బా రేకుతో నేను చేసిన అడ్డును ఎత్తి దించారు. ప్రతిదానికీ ఒకసారి తల ఊపారు. చివరికి, ముక్కను పట్టి తిప్పే చక్ వెనకాల ఉండే పెట్టె నెత్తిమీద స్క్రూతో బిగించిన రూపాయంత ఇత్తడి బిళ్ళ దగ్గర ఆగిపోయారు. అది తిరగదు, జరగదు, దేన్నీ పట్టుకోదు. జీవితమంతా ఇనుముతో గడిపినవాళ్ళకు పనిలేని ముక్క కంటబడితే మనసున పట్టదు. "గిదేం పని చేస్తదమ్మా?" అన్నారు. "మిషన్ సూటిగ నడవాలంటే అది ఉండాలె అన్నా" అన్నాను. ఆయన నమ్మలేదు. నేను చెప్పింది నిజమే, కానీ ఒక కప్పు చాయ్‌లో అయ్యే కథ కాదది.

డెబ్బైకి దగ్గరపడ్డ ఆడదానికి హాల్లో లేత్ ఏమిటని మీరూ అనుకుంటూ ఉండవచ్చు. అనుకోండి, నాకు అలవాటే. నేను ముప్పై ఏళ్ళు ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేశాను. పిల్లలు విరగ్గొట్టిన పరికరాలను బాగుచేయడం నా ఉద్యోగం. ఆ పిల్లలకు కొదవ లేదు గనక నా చేతికీ పని కొదవ ఉండేది కాదు. ల్యాబ్ మూలన ఒక పాత లేత్ ఉండేది. దానిమీదే పని నేర్చుకున్నాను, దానిమీదే పేరూ తెచ్చుకున్నాను. రిటైరైన రోజు అందరూ కలిసి శాలువా కప్పారు. నాకు కావలసింది శాలువా కాదు, ఆ లేత్. అది ఇవ్వరు కాబట్టి చిన్నది ఒకటి నేనే తెప్పించుకున్నాను. కుట్టుమిషన్‌కంటే కాస్త పొడవు, ఇద్దరు మగవాళ్ళు ఆపసోపాలు పడితే లేచేంత బరువు. గల్లీ మొదట్లో దింపిన ఆటో భాయ్ నడుం పట్టుకుని "ఇస్‌మే క్యా హై అమ్మా, పత్థరా?" అని, రాళ్ళేమైనా నింపామా అన్నట్టు చూశాడు. మా ఆయన మాత్రం ఒక్కటే అడిగాడు: "మరి సోఫా?" సోఫా వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది, బాగానే ఉందట.

లేత్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కుమ్మరి సారెను పక్కకు పడుకోబెట్టారనుకోండి, అదే లేత్. ముందర ఉన్న చక్ అనే ఉక్కు పిడికిలి ముక్కను పట్టుకుని గిరగిరా తిప్పుతుంది. పక్కనుంచి పదునైన టూల్ వచ్చి చెక్కుతుంది. ఇక చిన్న లేత్ సంగతి వేరే. చిన్న లేత్ కొనడమంటే సగం మిషన్ కొనడమే, మిగతా సగం దానిమీదే చేసుకోవాలి. అది ఓపిక లేనివాళ్ళకు శిక్ష, నాలాంటివాళ్ళకు పండగ.

ఈ కథలో అసలు మనిషి మా అత్తమ్మ. అప్పటికే ఎనభై దాటింది. మా అత్తవారిది తరాలుగా గల్లీలోని గుడికి పూలసేవ చేసే ఇల్లు. తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూల మూట వస్తుంది. హాల్లో పీట వేసుకుని అత్తమ్మ దండలు కడుతుంది. లేత్ వచ్చి సగం హాలు మింగేసినప్పుడు ఆమె గొడవ చేస్తుందని మా ఆయన ఆశపడ్డాడు. ఆమె పీటను మిషన్‌కు ఎదురుగా జరుపుకుని కూర్చుంది. "టీవీల ఏడుపుల కంటె గీ ఖరాదు నయం. గిండ్ల ఏదో ఒకటి తయారైతది" అంది. ఖరాదు అంటే చెక్కుడు పని, పాత షహర్ మాట. అప్పటినుంచి నేను ఇత్తడి చెక్కుతుంటే ఆమె చేమంతులు గుచ్చేది. ఒకరోజు అయ్యగారు, అంటే మా గుడి పూజారి, దండ పట్టుకుని ఇంటికొచ్చారు. "అమ్మా, ఈసారి జరీ గిట్ల పెట్టిన్రా?" అన్నారు. పూల మధ్యన ఇత్తడి పొట్టు చుట్టలు చుట్టుకుని మెరుస్తోంది. అత్తమ్మ ఏమాత్రం తడబడకుండా "పండుగ కదా అని పెట్టిన" అంది. ఆ రోజు ఏ పండగా లేదు.

మిషన్ వచ్చిన పది రోజులకే దసరా. కొత్త మిషన్ తుప్పు పట్టకుండా ఒళ్ళంతా జిగట గ్రీజు పూసి పంపుతారు, దాన్ని కిరోసిన్‌తో కడగాలి. ఎలాగూ ఆయుధ పూజ కదా అని మొత్తం విప్పేసి, ముక్క ముక్కా కడిగి, హాల్లో పాత చీర పరిచి దానిమీద ఆరబెట్టాను. పూజ వేళ అయింది. నా రెండు చేతులూ మోచేతుల దాకా కిరోసిన్. కుంకుమ భరిణె వైపు గడ్డంతో చూపిస్తూ "అత్తమ్మా, జర మీరే బొట్లు పెట్టుండ్రి" అన్నాను.

ఆమె కదల్లేదు. మామయ్య పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆమెను భరిణె ముట్టనిచ్చినవాళ్ళు లేరు. మా ఇంట్లో వద్దని ఎవరూ అనలేదు. పెట్టమని కూడా ఎవరూ అనలేదు, నేను కూడా. ఆ రోజు నేనేదో ఆచారాన్ని ఎదిరిద్దామని అడిగానంటే అబద్ధం. చేతులు ఖాళీ లేక అడిగాను.

"నేను పెట్టొచ్చునా?" అంది.

"మిషన్‌కు గవన్నీ తెల్వయ్ అత్తమ్మా" అన్నాను.

పీటమీదనుంచి లేచింది. గిన్నెలో పసుపూ గంధమూ చిక్కగా కలుపుకుని, చీర మధ్యన చతికిలబడి మొదలుపెట్టింది. పెద్ద ముక్కలకే కాదు, నట్లకూ బోల్టులకూ తాళంచెవులకూ, చీమంత స్క్రూలకు కూడా. ముందు గంధం, దానిమీద కుంకుమ, ఒక్కోదాన్ని తిప్పి చూసి, ముఖం ఎటో నిర్ణయించుకుని మరీ పెట్టింది. పెద్దపని చేపట్టినవాళ్ళకుండే హుందాతనం ఆమె ముఖంలో చూశాను. అన్నీ అయ్యాక వేలు నాకేసి చూపించి "ఇగ తుడవకు. బొట్టు దానంతటదే పోవాలె గాని, మనుషులు తుడవొద్దు" అంది. ఆ మాట ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలుసు. సరేనన్నాను. మర్నాడు మిషన్ బిగించేటప్పుడు మాట నిలబెట్టుకున్నాను, ఎక్కడి బొట్టు అక్కడే ఉంచాను.

ఆ తర్వాతే నా కష్టాలు మొదలయ్యాయి. ఒక ముక్కను బిగించి ఒకవైపు చెక్కితే అద్దంలా వచ్చేది. తీసి, తిప్పి రెండోవైపు చెక్కితే ఆ వైపూ అద్దమే. కానీ రెండు వైపులూ ఒక వరసలోకి వచ్చేవి కావు, ఒకదానికొకటి పలికేవి కావు, ఇంట్లో మాటలు మానేసిన తోడికోడళ్ళలా. ఆడలేక మద్దెల ఓడందని నన్ను ఎవరంటారు, ముప్పై ఏళ్ళు ఆడినదాన్ని? అందుకని నిశ్చింతగా మద్దెలనే తిట్టాను. టూల్ పట్టే భాగం వదులుగా ఉందని దాన్ని తీసేసి గట్టి ఉక్కు దిమ్మె చేసి పెట్టాను. చేతిచక్రం చిన్నదై చెయ్యి సరిగా ఆగడం లేదని పెద్దది చేసి, అంచున గీతలు చెక్కాను. టూల్ మొన ఎత్తు చూసుకోవడానికి ఒక కొలత దిమ్మె చేశాను. వెనకవైపు డ్రిల్లును తోసే మరను మార్చి బోరింగు పంపు పిడిలాంటి పిడి పెట్టాను. ఒక్కోదానికీ నెలా నెలన్నరా. అన్నీ పనికొచ్చినవే, ఇవాళ్టికీ వాడుతున్నవే. అసలు రోగం మాత్రం కుదరలేదు. ప్రతిసారీ అత్తమ్మ దారం పళ్ళతో తెంపుతూ "అయ్యిందా?" అనేది. "ఇంకొక్కటి మారుస్తే అయితది" అనేదాన్ని.

ఇలా ఎండాకాలం పోయి ఆషాఢం వచ్చింది. ఒక పొద్దున అయ్యగారు వచ్చి గడపలోనే నిలబడ్డారు. శ్రావణంలో మా గుడిలో దేవుడికి ఊయల సేవ జరుగుతుంది. టేకు ఊయల, రెండు స్తంభాల మధ్య ఒక ఇనుప కడ్డీకి వేలాడుతుంది. కడ్డీ రెండు చివరలూ జానెడు పొడవు ఇత్తడి గొట్టాల్లో తిరుగుతాయి. ఆ గొట్టాలు అరిగిపోయాయి. కిందటేడు మంత్రాలను మించి ఊయల కీచుమందట, ఒకవైపు ఒరిగి ఉత్సవ విగ్రహం జారబోయిందట. కమిటీవాళ్ళు స్టీలు ఊయల కొని, పాతదాన్ని తీసేద్దామనుకుంటున్నారు. ఆ మాట విని అత్తమ్మ దండ ఒళ్ళోనే వదిలేసింది. నలభై ఏళ్ళు ప్రతి శ్రావణంలో ఆ ఊయల తాడు లాగింది మామయ్య. తాడు చివర ఉండే కర్రపిడి ఒకచోట నల్లగా నునుపు దేరి ఉంటుంది, అది ఆయన చెయ్యేనని ఆమె నమ్మకం.

"గొట్టాలే కదా అయ్యగారూ. మా కోడలు చేస్తది. ఊయల జోలికి పోకుండ్రి" అంది.

ఆయన నా వైపు చూశారు, తర్వాత మిషన్ వైపు చూశారు. "శ్రావణ ఏకాదశికల్లా కావాలమ్మా. లేకుంటే నేను కమిటీవాళ్లను ఆపలేను" అని వెళ్ళిపోయారు.

"నన్నడగకనే మాటిచ్చిరి అత్తమ్మా" అన్నాను.

"నిన్నడిగి ఇస్తే అది నీ మాట అయితది. గిది నా మాట" అంది, మళ్ళీ దండ అందుకుంటూ.

ఉస్మాన్‌గంజ్ వెనక సందులో పాత ఇత్తడి అమ్మే భాయ్ ఒకాయన ఉన్నాడు. లావుపాటి ఇత్తడి కడ్డీ అడిగితే ఏ కార్ఖానాకని అడిగాడు. నాకేనన్నాను. "ఆప్ ఖుద్ ఖరాద్ కర్తే?" మీరే చెక్కుతారా అని నా చేతులు చూసి, గోళ్ళలో నలుపు కనబడ్డాక నమ్మాడు. రెండు గొట్టాలకు సరిపడా అడిగితే మూడింటికి సరిపడా కోసి ఇచ్చాడు. "ఏక్ గల్తీ కే వాస్తే రఖో" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. తప్పు చేస్తానని ముందే ఎలా అంటాడు?

చేశాను. జానెడు పొడవు రంధ్రం నా చిన్న మిషన్‌కు ఒకే పట్టున అందదు; సగం ఇటునుంచి, తిప్పి సగం అటునుంచి చెయ్యాలి. రెండూ మధ్యలో కలవాలి. కలవలేదు. వేలు పెడితే లోపల మెట్టు తగిలింది. కడ్డీ ఆ మెట్టు దగ్గర ఆగిపోయింది. భాయ్ ఇచ్చిన తప్పు అయిపోయింది. ఇంక మిగిలింది సరిగ్గా రెండు ముక్కలు, ఏకాదశికి నాలుగు రోజులు. "బయట లేత్ షాపుల ఇచ్చేద్దమా?" అన్నాడు మా ఆయన. నాకూ లోపల అదే అనిపిస్తోంది కాబట్టి ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ "నువ్వు పొయ్యి సోఫల కూసో" అంది. సోఫా లేదు గనక ఆయన పాపం నిలబడే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం పంతం పక్కన పెట్టి, ల్యాబ్‌లో పిల్లలకు చెప్పినట్టే నాకు నేను చెప్పుకున్నాను: ఊహించకు, కొలువు. సూటిగా ఉన్న ఉక్కు కడ్డీని చక్‌లో బిగించి, వెంట్రుకలో సగం తేడాను కూడా చూపించే డయల్ గేజ్‌ను దానికి ఆనించి, చేత్తో తిప్పాను. చక్ దగ్గర ముల్లు కొంచెం కదిలింది. జానెడు దూరంలో ఎగిరి గంతేసింది. అంటే టూల్‌ది కాదు, చక్రానిది కాదు, నేను పది నెలలు మార్చిన దేనిదీ కాదు తప్పు. చక్కే వంకరగా కూర్చుంది. దాన్ని మాత్రం బిగించిన రోజునుంచి నేను విప్పలేదు. వెనకనుంచి మూడు నట్లుంటాయి, వేళ్ళు దూరని సందు, విప్పేసరికి ప్రాణం పోతుంది. ఆ బద్ధకానికి నేను పెట్టుకున్న పేరు నమ్మకం.

విప్పి చక్‌ను బయటకు లాగాను. అది ఆనుకుని కూర్చునే ఉక్కు ముఖం మీద, ఒక పక్కగా, పసుపుపచ్చగా మధ్యన ఎర్రగా బొట్టు. పది నెలల బిగింపుకు చదునై, రూపాయంత వెడల్పై, లక్కలా గట్టిపడింది. మందం కాగితమంత కూడా లేదు. ఆ కాస్త మందమే చక్‌ను ఒకవైపు ఒరిగించి, జానెడు దూరం పోయేసరికి మెట్టయింది. బిగించిన రోజు దాన్ని చూశాను కూడా. నూనెకు అదే పోతుందిలే అనుకున్నాను. తూకం వేసే ముందు పళ్ళెం తుడవండని ముప్పై ఏళ్ళు పిల్లలమీద అరిచినదాన్ని నేను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. పట్టి, చేతిలో గుడ్డతో అలాగే నిలబడ్డాను. ఒక్క తుడుపుకు పోయేదాన్ని తుడవడానికి నాకు చెయ్యి రాలేదు.

"ఏంది, గట్ల సూస్తున్నవ్?" అంది అత్తమ్మ.

అబద్ధం చెప్పవచ్చు. ఆమెకు పీటమీదనుంచి అది కనిపించదు. కానీ ఆమె ఇచ్చిన మాట ఆ బొట్టు కింద ఉంది, నేనిచ్చిన మాటా అక్కడే ఉంది. దాచాలనిపించలేదు. "ఇటు రాండ్రి" అని లైటు దానిమీదికి తిప్పి చూపించాను. "గిది ఉంటే చక్ సరిగ కూసుంటలేదు అత్తమ్మా. తుడవొద్దన్నరు. ఏం చెయ్యమంటరు?" అన్నాను.

ఆమె వంగి చాలాసేపు చూసింది. పీటమీద సగం కట్టిన దండ అలాగే ఉంది. తర్వాత కొంగు చివర కిరోసిన్ గిన్నెలో ముంచి, నన్ను పక్కకు జరగమంది.

"నేను తీస్త" అన్నాను.

"వద్దు. పెట్టినదాన్ని నేనే, తీసేదాన్ని నేనే." గట్టిపడింది కదా, వెంటనే రాలేదు. గోటితో గీకి, మళ్ళీ తడిపి, రుద్దుతూ, తల ఎత్తకుండానే అంది: "నాది తీసినప్పుడు ఎవ్వరు నన్ను అడగలే. పదిమంది పట్టుకున్నరు. నువ్వు అడిగినవ్."

ఆమె పక్కన నిలబడి లైటు పట్టుకున్నాను. ఏడ్చాననుకునేరు, ఏడవలేదు; లైటు మాత్రం కొంచెం కదిలింది. "సక్కగ పట్టు, కనిపిస్తలేదు" అంది. ఉక్కు తెల్లగా మెరిసేదాకా తుడిచి, వేలితో తడిమి చూసుకుని, "ఇగ చెయ్యి" అని వెళ్ళి పీటమీద కూర్చుంది.

చక్ బిగించి మళ్ళీ గేజ్ పెట్టాను. ముల్లు కదలడం మరిచిపోయినట్టు నిలబడింది. మర్నాడు పొద్దున్నే మొదటి ముక్క ఇటునుంచి సగం, అటునుంచి సగం. వేలు పెట్టాను, మెట్టు లేదు. సాయంత్రానికి రెండోది. కడ్డీ రెండింట్లోనూ వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. చెప్పుకోకూడదు కానీ, ఆ గొట్టాలంత బాగా నేను ల్యాబ్‌లో కూడా ఏదీ చేయలేదు.

ఏకాదశి నాడు పాత ఊయలలోనే దేవుణ్ణి కూర్చోబెట్టారు. అత్తమ్మ కట్టిన దండ వేశారు, హారతిచ్చారు, అయ్యగారు తాడు లాగారు. చప్పుడు లేదు. ఊయల ముందుకు వెళ్ళింది, వెనక్కి వచ్చింది, గాలి కదిలినట్టు. కమిటీ పెద్దాయన స్తంభం దగ్గర చెవిపెట్టి వింటూ నిలబడ్డాడు. అయ్యగారు తాడు తీసుకొచ్చి అత్తమ్మ చేతికిచ్చారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె కూడా మొహమాటపడలేదు. నల్లబడ్డ ఆ చోటే చూసుకుని పట్టుకుని లాగింది. ఇంటికొస్తూ దారిలో "ఆయన లాగినప్పుడు కీచుమంటుండె. సప్పుడు లేకుంటే ఏదో తక్కువైనట్టే ఉన్నది" అంది. ఎంత బాగా చేసినా అత్తగారికి ఒక వంక దొరుకుతుందని ఆ రోజు మళ్ళీ రుజువైంది.

పాడైన మూడో ముక్క మిగిలింది కదా. దాని మందపాటి గోడలోంచి ఒక చెక్క కోసి, చిన్న బిళ్ళ చేశాను. ముఖం మీద టూల్ వదిలే సన్నటి వలయాలు ఒకదానిలో ఒకటి వచ్చాయి, నీళ్ళలో రాయి వేసినట్టు. దాన్ని పెట్టె నెత్తిమీద, దేనికీ అడ్డం రాని చోట స్క్రూతో బిగించి "అత్తమ్మా, ఇగ మీ బొట్టు జాగా గిదే. గిక్కడ ఎంత మందం పెట్టినా మిషన్ ఏమనది" అన్నాను. ఆమె బిళ్ళను తడిమి, "రోజూ పెట్టొచ్చునా?" అంది. శుక్రవారం శుక్రవారం అని బేరం కుదిరింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పొద్దున పూల కంటే ముందు చింతపండుతో ఆ బిళ్ళను తోమి, పాత బొట్టు తానే తీసి, కొత్తది పెట్టేది. ఎనిమిదేళ్ళు ఒక్క శుక్రవారం తప్పలేదు. నేను లేత్‌కు ఎన్నో మార్పులు చేశాను, వాటిలో ఆమె వాడుకున్నది అదొక్కటే.

అత్తమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు శుక్రవారాలు నేను బొట్టు పెడతాను, చింతపండుతో మాత్రం తోమను. మెత్తటి గుడ్డతో అద్దుతానంతే. ఆ ఫిట్టరు పెద్దమనిషి వెళ్ళిపోయాక మనసున పట్టక, బొట్టు తీసి, బిళ్ళమీద డయల్ గేజ్ పెట్టి చూశాను. అంచున నేను చెక్కిన వలయాలు ఇంకా ఉన్నాయి, మధ్యలో అరిగి నునుపైపోయాయి. అంచుకూ మధ్యకూ తేడా వెంట్రుక మందం కూడా లేదు. ఎనిమిదేళ్ళ శుక్రవారాలన్నీ కలిపితే అంతే; అయినా వేలు పెడితే తెలుస్తుంది.